గుర్తుపట్టడాన్ని వివరించే నమూనాలను సరిగ్గా పోల్చడం ఎలా: పదాల జాబితా నుంచి ఫలితం రాసేదాకా

ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం వైపు నుంచి మనోవిజ్ఞానంలో ప్రాజెక్టు చేసే విద్యార్థులు ప్రతి ఏడాదీ దాదాపు ఒకే ప్రశ్న తెస్తున్నారు: “మాస్టారూ, సమాచారమంతా సేకరించేశాం, ఇప్పుడు ఏ నమూనా సరైనదో ఎలా తేల్చాలి?” చిక్కంతా ఆ ప్రశ్నలోని మొదటి సగంలోనే ఉంది. సేకరించేసిన తరువాత తేల్చగలిగేది చాలా తక్కువ. నమూనాల మధ్య పోటీని నిర్ణయించేది పరీక్ష రూపకల్పన. అందువల్ల ఈ మార్గదర్శిలో సగానికి పైగా, మొదటి వ్యక్తిని కుర్చీలో కూర్చోబెట్టక ముందు చేయవలసిన పని గురించే ఉంటుంది.

డిగ్రీ స్థాయి గణాంక శాస్త్రం, ఎక్సెల్ లేదా ఆర్ (గణాంకాల ప్రోగ్రాం) వాడటం తెలిసి ఉంటే ఇది అనుసరించడానికి సరిపోతుంది.

1. దేనిని దేనితో పోలుస్తున్నారో ముందుగా తేల్చుకోండి

పాతపట్నం నుంచి వచ్చే బస్సులో ఎదుటి సీటులో కూర్చున్న వ్యక్తిని ఎక్కడో చూశామని గట్టిగా అనిపిస్తుంది, ఎక్కడో మాత్రం తోచదు. మహేంద్రతనయ వంతెన దాటాక హఠాత్తుగా, సంతలో ఎండుచేపలు అమ్మేది ఈయనే కదా అని వెలుగుతుంది. 1980లో జార్జ్ మాండ్లర్ బస్సులో కనిపించిన కసాయి ఉదాహరణతో చెప్పినది ఈ తేడానే. మొదటిది పరిచయ భావన, రెండవది స్పష్ట స్మరణ. ఈ రెండూ వేర్వేరు ప్రక్రియలా, లేక ఒకే బలం ఎక్కువ తక్కువలుగా కనబడటమా అన్నదే ఈ రంగంలోని ప్రధాన వివాదం.

దీన్ని పరీక్షించడానికి ముందు కొన్ని పదాలు నేర్పి, తరువాత వాటిని (పాత పదాలు) నేర్పని వాటితో (కొత్త పదాలు) కలిపి, ఒక్కొక్కటి ముందు చూశారా లేదా అని అడుగుతారు. ఆ సమాధానాలను వివరించే నమూనాలు రెండు తరగతులుగా ఉంటాయి. సమాధానాల సరళి నుంచి జ్ఞాపక బలాన్ని, మొగ్గును (జ్ఞాపకంతో పని లేకుండా “చూశాను” లేదా “చూడలేదు” అనే వైపు వాలడాన్ని) విడదీసి కొలిచేవి కొలత నమూనాలు. సిగ్నల్ డిటెక్షన్ నమూనాలు, గడప నమూనాలు, ద్విప్రక్రియ నమూనా ఈ కోవకు చెందుతాయి. జ్ఞాపకపు ముద్రలు ఎలా నిల్వ ఉంటాయో, పరీక్షలో వచ్చిన పదం వాటితో ఎలా సరిపోలుతుందో చెప్పేవి ప్రక్రియ నమూనాలు. మినర్వా 2, సామ్, రెమ్ అటువంటివి.

ఒక తరగతిలోని నమూనాను రెండవ తరగతిలోని దానితో పోటీకి దింపడం తక్కెడను, పండిన ధాన్యాన్ని పోల్చడం వంటిది. ప్రాజెక్టుకు ఒక తరగతినే ఎంచుకోండి. మొదటిసారి చేసేవారికి కొలత నమూనాలే తగినవి కనుక ఇక్కడ ఎక్కువగా వాటి గురించే రాస్తాను.

2. ప్రతి నమూనా దేనిని కుదరదంటుందో రాసుకోండి

ఒక నమూనా ఏమి వివరిస్తుందో చదివితే అన్నీ బాగానే ఉన్నట్లు కనిపిస్తాయి. ఏ ఫలితం వస్తే అది ఓడిపోతుందో రాసుకున్నప్పుడే తేడా తెలుస్తుంది. ఒక కాగితం మీద ఈ కింది విషయాలు సొంత మాటల్లో రాసి గోడకు అంటించుకోండి.

సమ విస్తృతి సిగ్నల్ డిటెక్షన్ నమూనాలో పాత పదాల పరిచయ బలం ఒక గంట ఆకారపు వంపుగా, కొత్త పదాలది అదే వెడల్పు గల మరొక వంపుగా ఉంటుంది. మనిషి ఒక హద్దు గీసుకుని, బలం దాన్ని మించితే “చూశాను” అంటాడు. రెండు వంపుల మధ్య దూరాన్ని డి ప్రైమ్ అంటారు. హిట్ల రేటును (పాత పదాల్లో “చూశాను” అన్నవాటి వాటా), తప్పు గుర్తింపుల రేటును (కొత్త పదాల్లో అలా అన్నవాటి వాటా) జెడ్ విలువలుగా మార్చి గీస్తే వాలు 1 గల సరళరేఖ రావాలి. వాలు స్థిరంగా 1 కంటే తక్కువగా ఉంటే ఈ నమూనా నిలవదు.

అసమ విస్తృతి నమూనా పాత పదాల వంపును వెడల్పు కానిస్తుంది. జెడ్ గీత సరళంగానే ఉండాలి, వాలు మాత్రం 1 కానవసరం లేదు. పదాల గుర్తింపు ప్రయోగాలలో తరచుగా కనిపించే వాలు 0.8 దరిదాపుల్లో ఉంటుంది. అంటే పాత పదాల వంపు సుమారు 1.25 రెట్లు వెడల్పు.

రెండు గడపల నమూనాలో బలం ఎక్కువ తక్కువల ప్రసక్తి లేదు. పాత పదాన్ని కొంత సంభావ్యతతో ఖాయంగా పోల్చుకుంటాం, కొత్త పదాన్ని కొంత సంభావ్యతతో ఖాయంగా కొత్తదని పట్టుకుంటాం. ఏదీ కానప్పుడు ఊహిస్తాం. మొగ్గును మాత్రమే మార్చినప్పుడు మామూలు రేట్లతో (తప్పు గుర్తింపులు అడ్డంగా, హిట్లు నిలువుగా) గీసిన ఆర్‌ఓసీ గీత సరళరేఖ కావాలి. అది విల్లులా వంగితే ఈ నమూనాకు ఇబ్బంది.

ద్విప్రక్రియ నమూనాను 1994లో ఆండ్రూ యోనెలినాస్ ప్రతిపాదించారు. స్పష్ట స్మరణ గడప లాగా ఉంటుంది: వస్తే వస్తుంది, లేకుంటే లేదు. అది రానప్పుడు సమ విస్తృతి గల పరిచయ భావన మీద ఆధారపడతాం. దీని ప్రకారం జెడ్ గీత పూర్తి సరళరేఖ కాదు, కొద్దిగా పైకి తెరుచుకున్న దొన్నెలా వంగి ఉండాలి.

3. ఒక్క బిందువు ఉచ్చు: లెక్క వేసి చూడండి

కేవలం “చూశాను, చూడలేదు” అనే సమాధానాలతో ఒకే జాబితా పరీక్షించి, ఒక సూచికలో తేడా వచ్చి రెండవదానిలో రానందున ఒక నమూనా గెలిచిందని రాసిన నివేదికలు నేను ఎన్నో తిప్పి పంపాను. ఎందుకో చూడండి. ఈ సంఖ్యలు అర్థం కావడానికి నేను కల్పించినవే.

ఒక వ్యక్తి 60 పాత పదాలలో 45 గుర్తుపట్టాడు, 60 కొత్త పదాలలో 12 తప్పుగా “చూశాను” అన్నాడు. హిట్ల రేటు 0.75, తప్పు గుర్తింపుల రేటు 0.20. జెడ్ విలువలు 0.674, మైనస్ 0.842, తేడా 1.516, అదే డి ప్రైమ్. గడప నమూనా ప్రకారం, రెండు గడపల సంభావ్యతలూ సమానమనుకుంటే, 0.75 నుంచి 0.20 తీసివేయగా 0.55 వస్తుంది. రెండు నమూనాలూ ఈ ఫలితాన్ని అణువంత తేడా లేకుండా వివరించాయి. రెండు సంఖ్యలకు రెండు పరామితులు ఇస్తే ఏ నమూనా అయినా అలాగే వివరిస్తుంది, కనుక ఇక్కడ పోలిక అన్నదే జరగలేదు.

ఇప్పుడు అదే వ్యక్తి మరింత జాగ్రత్తపడి తప్పు గుర్తింపులను 0.05కు తగ్గించుకున్నాడని, మరొకసారి ఉదారంగా 0.40కు పోనిచ్చాడని అనుకోండి. హిట్ల రేటు ఎంత ఉండాలని ఒక్కొక్క నమూనా చెబుతుందో చూడండి.

| నమూనా | తప్పు గుర్తింపు 0.05 అయితే | 0.40 అయితే |
|---|---|---|
| రెండు గడపలు | 0.60 | 0.95 |
| సమ విస్తృతి | 0.45 | 0.90 |
| అసమ విస్తృతి, వాలు 0.8 | 0.51 | 0.87 |
| ద్విప్రక్రియ, స్పష్ట స్మరణ 0.30 | 0.53 | 0.88 |

మొదటి రెండు వరుసల తేడా జాగ్రత్త వైపు 15 శాతం. 60 పదాలలో అది తొమ్మిది పదాలు, పట్టుకోవచ్చు. చివరి రెండు వరుసల తేడా రెండు శాతం, అంటే దాదాపు ఒక్క పదం. ఉదార వైపు అర పదం. ఈ పట్టికను అర్థం చేసుకున్నవారు, “ఒక్క జాబితాతో ద్విప్రక్రియ నమూనాను నిరూపించాను” అని ఎన్నడూ రాయరు.

మీ ప్రయోగానికి కూడా ఇలాంటి పట్టికను ముందే తయారు చేయండి. మీరు పోల్చదలచిన రెండు నమూనాల మధ్య తేడా రెండు మూడు పదాలకు మించకపోతే పరీక్షనే మార్చాలి. తేడాలు ఎప్పుడూ అంచులలో పెరుగుతాయి కనుక, మనుషులను మరీ జాగ్రత్తగానూ మరీ ఉదారంగానూ సమాధానం చెప్పించే ఏర్పాటు కావాలి.

4. పదాల జాబితా: సరిహద్దు జిల్లాల్లో ఎక్కువ శ్రమ ఇక్కడే

ఇతర చోట్ల తయారైన జాబితాను తెచ్చుకుని మన దగ్గర వాడితే కొలిచేది జ్ఞాపకాన్ని కాదు, పదాలతో ఉన్న పరిచయాన్ని. గజపతి, రాయగడ, గంజాం జిల్లాల తెలుగువారు రోజంతా రెండు భాషల మధ్య తిరుగుతారు. “పుస్తకం, నది, పర్వతం” వంటి పదాలు ఒడియాలోనూ కొద్దిపాటి తేడాతో వినబడతాయి. “గంప, రోకలి, నిచ్చెన, చీపురు” వంటివి తెలుగులోనే వినబడతాయి. ఈ రెండు రకాలను లెక్కలేకుండా కలిపితే కొత్త పదాల బలం కూడా చెదిరిపోతుంది. కొత్త పదాల వంపు వెడల్పయితే జెడ్ గీత వాలు పెరుగుతుంది, మీరు దాన్ని నమూనా సంగతి అనుకుంటారు.

మరికొన్ని పదాలు తెరచాటు గుంతల వంటివి. “పిల్ల” వినగానే ఒడియా “పిలా” కూడా లేస్తుంది. “గుంట” అంటే పుస్తకంలో గొయ్యి, శ్రీకాకుళం వైపు ఇంట్లో ఆడపిల్ల. ఇలాంటి వాటిని మొదటి వడపోతలోనే తీసివేయండి.

అన్నిటికంటే పెద్ద చిక్కు లిపి. ఒడియా మాధ్యమంలో చదివిన యువకులలో చాలామందికి తెలుగు మాట్లాడటం ఎంత సులువో చదవడం అంత సులువు కాదు. తెర మీద ఒక్కో పదం రెండు సెకన్లు చూపిస్తే నాలుగింట ఒకటి చదవకుండానే దాటిపోవచ్చు. అలా దాటిపోయిన పదం మీ పట్టికలో “పాతది”, వారి బుర్రలో కొత్తది. పాత పదాలు రెండు గుంపులుగా చీలిపోయి వంపు వెడల్పవుతుంది, వాలు 1 కంటే తగ్గుతుంది. కొన్ని పదాల మీద దృష్టి పడటం, కొన్నిటి మీద పడకపోవడమనే మిశ్రమం అసమ విస్తృతిలా కనబడగలదని 2002లో లారెన్స్ డికార్లో చూపించారు. మన ప్రాంతంలో లిపి ఆ మిశ్రమాన్ని సిద్ధంగా అందిస్తుంది.

దీనికి మందు ఒకటే: పదాలను వినిపించండి. స్థానిక యాస గల ఒకే గొంతుతో, ఒకే వేగంతో రికార్డు చేసి, నేర్చుకునే దశలోనూ పరీక్షలోనూ అదే రికార్డును వాడండి. చూపించే తీరాలంటే ముందు ప్రతి వ్యక్తి చేత ఇరవై పదాలు బిగ్గరగా చదివించి, తడబడినవారిని వినే విభాగంలో చేర్చండి.

జాబితా సిద్ధమైందనడానికి ముందు సరిచూసుకోవలసినవి:

- పాల్గొనని పదిహేను ఇరవై మంది స్థానికుల చేత ప్రతి పదానికి 1 నుంచి 7 వరకు వాడుక అంచనా వేయించారా?
- ఒడియాలో వినబడేవి, వినబడనివి విడిగా గుర్తించి, పాత కొత్త జాబితాలలో సమానంగా పంచారా?
- అన్ని పదాలూ ఏకవచనంలో, విభక్తి లేకుండా ఉన్నాయా? నేర్చుకున్నప్పుడు “చెట్టు”, పరీక్షలో “చెట్లు” అయితే అది వేరే ప్రయోగం.
- జాబితాను రెండు సగాలుగా చేసి, సగం మందికి మొదటిది పాతది, మిగిలిన సగానికి రెండవది పాతది అయ్యేలా మార్చారా?

నాలుగవ అంశాన్ని వదిలివేసినవారి పని మొత్తం వృథా అవుతుంది. పాత పదాలు సహజంగానే తేలికైనవి అయి ఉంటే ఆ తరువాత ఏ గణితమూ దాన్ని సరిచేయదు.

5. పరీక్ష నడపడం

ఒక్కొక్కరికి కనీసం 100 పాత పదాలు, 100 కొత్త పదాలు ఉండాలని నా అభిప్రాయం. ఒకే దెబ్బలో కాకుండా 50, 50 చొప్పున రెండు విడతలుగా, వేర్వేరు రోజుల్లో చేయండి. పై లెక్కల్లోని 60 ఉదాహరణకు సరిపోతుంది, పోలికకు చాలదు.

పదాలు వినిపించాక అయిదు నిమిషాలు వేరే పని ఇవ్వండి, ఉదాహరణకు మూడంకెల తీసివేతలు. జాబితా మొదటి మూడు, చివరి మూడు పదాలను పరీక్షలో అడగకండి. పరీక్షలో పాతవి, కొత్తవి కలగలిపి, వరుసను ప్రతి వ్యక్తికీ మార్చండి. వ్రాతపూర్వక అంగీకారం తీసుకోండి, పేర్లకు బదులు సంఖ్యలు వాడండి.

సమాధానం ఆరు మెట్ల మీద ఉండాలి: 6 అంటే ఖాయంగా విన్నాను, 5 బహుశా విన్నాను, 4 విన్నట్లే ఉంది, 3 విననట్లే ఉంది, 2 బహుశా వినలేదు, 1 ఖాయంగా వినలేదు. మెట్ల అర్థం నోటితో చెప్పి వదలకండి. పది అభ్యాస పదాలతో, ఆరు మెట్లనూ వాడేదాకా సాధన చేయించండి. మన దగ్గర పెద్దవారు మాస్టారు అడిగారని మర్యాదకు “అవును బాబూ” అంటారు. ఆ మర్యాద అంతా తప్పు గుర్తింపుల గడిలోకి చేరుతుంది. పరీక్ష నడిపేవారు పక్కకు తిరిగి కూర్చోవడం, సమాధానం బటన్లతో తీసుకోవడం మంచిది.

6. నమ్మక స్థాయి చాలా? మొగ్గును కూడా మార్చాలా?

గడప నమూనా మీ పోటీలో ఉంటే నమ్మక స్థాయి, అంటే ఆరు మెట్ల సమాధానం, ఒక్కటే చాలదు. ఆరు మెట్ల నుంచి గీసిన ఆర్‌ఓసీ దాదాపు ఎప్పుడూ వంగే ఉంటుంది, దాన్ని చూసి గడప నమూనా ఓడిందని రాసేస్తారు. కానీ ఖాయంగా పోల్చుకున్న పదానికి కూడా మనిషి ఒక్కోసారి 6 బదులు 5 నొక్కవచ్చు. ఆ స్వేచ్ఛ ఇస్తే గడప నమూనా నుంచి కూడా వంగిన గీత వస్తుంది. 2009లో ఆర్ంట్ బ్రోడర్, యూలియా షూట్జ్ ఈ వాదనతోనే, నమ్మక స్థాయిలతో గీసిన గీతలు గడప నమూనాను తోసిపుచ్చడానికి చాలవని అన్నారు. తరువాత దీని మీద చర్చ చాలానే జరిగింది.

అందుచేత గడప నమూనాను పరీక్షించాలంటే “విన్నాను, వినలేదు” అనే రెండే సమాధానాలతో, మొగ్గును నేరుగా మార్చే విడతలు పెట్టండి. పరీక్షలో పాత పదాల వాటాను 20, 35, 50, 65, 80 శాతంగా మార్చి, ఆ వాటాను ముందే చెప్పండి. జ్ఞాపకం మారకూడదు, హద్దు మాత్రమే మారాలి కనుక నేర్చుకునే దశ అన్ని విడతల్లోనూ ఒకేలా ఉండాలి. ఇది అయిదు రెట్ల శ్రమ. గడప నమూనాను వదిలి అసమ విస్తృతి, ద్విప్రక్రియ నమూనాలను మాత్రమే పోలిస్తే ఈ శ్రమ అవసరం లేదు. అప్పుడు మూడవ భాగంలోని “ఒక్క పదం” చిక్కు ఎదురవుతుంది, దానికి తొమ్మిదవ భాగం చూడండి.

7. ఒక్కొక్కరి గీత గీయండి

ప్రతి వ్యక్తికీ రెండు వరుసలు, ఆరు గడులు గల పట్టిక చేయండి. మళ్ళీ కల్పిత సంఖ్యలే. 6 నుంచి 1 వరకు పాత పదాలు: 31, 8, 6, 7, 5, 3. కొత్త పదాలు: 3, 4, 5, 12, 16, 20.

ఎడమ నుంచి కూడుతూ పోండి. పాతవి 31, 39, 45, 52, 57. కొత్తవి 3, 7, 12, 24, 40. ఒక్కొక్కదాన్ని 60తో భాగిస్తే అయిదు బిందువులు వస్తాయి. ఆరవది ఎప్పుడూ 60కి 60 కనుక దానిలో సమాచారం ఉండదు.

తరువాత జెడ్ విలువలుగా మార్చండి. మొదటి బిందువు 0.04, మైనస్ 1.645, చివరిది 1.645, 0.43. రెండు కొసల మధ్య వాలు సుమారు 0.77. ఈ వాలు కంటిచూపుకు మాత్రమే. దాన్ని ఫలితంగా రాయకండి. రెండు అక్షాల మీదా దోషం ఉన్నప్పుడు మామూలు రిగ్రెషన్ గీత సరైన వాలు ఇవ్వదు.

ఏదైనా రేటు 0 లేదా 1 అయితే జెడ్ విలువ అనంతానికి పోతుంది. 1988లో స్నాడ్‌గ్రాస్, కార్విన్ సూచించిన సవరణ వాడండి: లెక్కకు 0.5 కలిపి, మొత్తానికి 1 కలిపి భాగించండి. సున్నా వచ్చినవారికి మాత్రమే కాకుండా అందరికీ ఒకేలా చేయాలి.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. మొదటిసారి ఈ పని చేసినప్పుడు 24 మంది సమాధానాలన్నీ కలిపి ఒకే గీత గీశాను. గీత అందంగా వచ్చింది, అసమ విస్తృతి బ్రహ్మాండంగా సరిపోయింది. తరువాత విడివిడిగా చూస్తే కొందరి జ్ఞాపకం బలమైనది, కొందరిది బలహీనం, ఒక్కొక్కరి హద్దులు ఒక్కోచోట. ఆ అందమైన గీత ఇరవై నలుగురిలో ఒక్కరిదీ కాదు. వేర్వేరు మనుషులను కలిపితే వంపు రూపమే మారిపోతుంది, నమూనాలను వేరు చేసేది ఆ రూపమే.

8. నమూనాను సరిపెట్టడం, దండన లెక్క

వాలు, వంపు కంటితో చూసి తీర్పు చెప్పడం ఇక్కడితో ఆపండి. గరిష్ఠ సంభావ్యత పద్ధతిలో ప్రతి వ్యక్తికీ ప్రతి నమూనానూ విడిగా సరిపెట్టాలి. ఎక్సెల్‌లో సాల్వర్‌తో కుదురుతుంది. ఆర్ తెలిసినవారికి గడప నమూనాల కుటుంబం కోసం ఎంపీటీఇన్‌ఆర్ అనే ప్యాకేజీ ఉంది.

పరామితుల లెక్క ముందుగా సరిచూసుకోండి. ఆరు మెట్ల పరీక్షలో పాత పదాల నుంచి 5, కొత్త పదాల నుంచి 5, మొత్తం 10 స్వతంత్ర సంఖ్యలు వస్తాయి. సమ విస్తృతికి 5 హద్దులు, ఒక దూరం, మొత్తం 6. అసమ విస్తృతికి వెడల్పు కలిపి 7. ద్విప్రక్రియకు స్పష్ట స్మరణ కలిపి 7. మిగిలే స్వేచ్ఛా పరిమాణాలు వరుసగా 4, 3, 3.

ఎక్కువ పరామితులు వాడిన నమూనాకు దండన వేసి పోల్చే ప్రమాణాలు ఏఐసీ, బీఐసీ. ఏఐసీ అంటే పరామితుల సంఖ్యకు రెండింతల నుంచి లాగ్ సంభావ్యత రెండింతలు తీసివేయడం. బీఐసీలో రెండింతలకు బదులు పరామితుల సంఖ్యను మొత్తం సమాధానాల సహజ లాగరిథమ్‌తో గుణిస్తారు. 120 సమాధానాలకు అది సుమారు 4.79, కనుక బీఐసీ దండన గట్టిది. తక్కువ విలువ వచ్చినది మేలు.

చివరి రెండు నమూనాలకూ ఏడేసి పరామితులే కనుక వాటి మధ్య ఏఐసీ, బీఐసీ రెండూ ఒకే తేడా చూపుతాయి. “రెండు ప్రమాణాలూ ఏకీభవించాయి” అని రాయడం అర్థం లేని మాట. ఒకే సాక్షిని రెండుసార్లు పిలిచినట్లే.

సమ విస్తృతి మిగిలిన రెండింటిలోనూ ఇమిడి ఉంది: వెడల్పు 1 అయితే అసమ విస్తృతి, స్పష్ట స్మరణ 0 అయితే ద్విప్రక్రియ దానిగా మారిపోతాయి. మొదటి సందర్భంలో లాగ్ సంభావ్యతల తేడాకు రెండింతలను కై వర్గ పట్టికలోని 3.84తో పోల్చవచ్చు. రెండవ సందర్భంలో సున్నా అన్నది అంచు, ఎందుకంటే స్పష్ట స్మరణ రుణాత్మకం కాలేదు. ఆ పట్టిక అక్కడ కచ్చితంగా పనిచేయదు.

సాల్వర్ ఒక్కోసారి తప్పుడు లోయలో చిక్కుకుపోతుంది. కనీసం ఇరవై వేర్వేరు ప్రారంభ విలువలతో నడిపి అన్నిటిలో మెరుగైనదాన్ని తీసుకోండి. హద్దులు వరుస తప్పితే, లేదా వెడల్పు 5, 6కు పోతే అది ఫలితం కాదు, లోపం.

9. గెలిచిన నమూనా నిజంగా గెలిచిందా?

చాలామంది వదిలేసే మెట్టు ఇదే, అసలు మెట్టు కూడా ఇదే. పరామితుల సంఖ్య సమానమైనంత మాత్రాన రెండు నమూనాల వంగే గుణం సమానం కాదు. ఒకటి మరొకదాని సమాచారాన్ని కూడా బాగా అనుకరించగలిగితే, ఎవరి ధాన్యం వచ్చినా ఆ గాదెలోకే పోతుంది.

మొదట అసమ విస్తృతి నుంచి, మీ పాల్గొన్నవారి సగటు పరామితులకు దగ్గరగా, 500 మంది కృత్రిమ వ్యక్తుల సమాధానాలను కంప్యూటర్‌తో పుట్టించండి. పదాల సంఖ్య మీ ప్రయోగంలోనిదే ఉండాలి. ఆ సమాచారానికి రెండు నమూనాలనూ సరిపెట్టి, అసలు తల్లి, అంటే ఆ సమాచారాన్ని పుట్టించిన నమూనా, ఎన్నిసార్లు గెలిచిందో లెక్కపెట్టండి. తరువాత ద్విప్రక్రియ నుంచి పుట్టించి అదే చేయండి.

రెండు వైపులా సరైన తల్లి 80 శాతం దాటి గెలిస్తే మీ ప్రయోగం తీర్పు చెప్పగలదని నేను ఒప్పుకుంటాను. ఆ సంఖ్య నా గీత మాత్రమే, ధర్మశాస్త్రం కాదు. 55, 60 శాతమే వస్తే నాణెం ఎగరేసినట్లే. ఈ పనిని సమాచారం సేకరించక ముందే చేస్తే పదాల సంఖ్య పెంచుకోవడానికి అవకాశం ఉంటుంది.

పదాల సంఖ్య పెంచినా చాలనప్పుడు పరీక్ష రకాన్ని మార్చండి. విడి పదాలకు బదులు జతలు నేర్పండి: “గంప–నిచ్చెన”, “రోకలి–తాడు”. పరీక్షలో కొన్ని జతలు యథాతథంగా, కొన్ని జతలు మార్చి “గంప–తాడు” అని వినిపించండి. మార్చిన జతలోనూ రెండు పదాలూ పరిచయమైనవే కనుక విడి పదాల పరిచయ భావన ఇక్కడ పెద్దగా సాయపడదు. ఇలాంటి పరీక్షలో ఆర్‌ఓసీ సరళరేఖకు దగ్గర కావాలని ద్విప్రక్రియ నమూనా ముందుగానే చెబుతుంది. విడి పదాల పరీక్షలో అర పదం తేడా కోసం వెతకడం కంటే ఇది ఎంతో గట్టి పరీక్ష.

10. ప్రక్రియ నమూనాలను ఎంచుకున్నవారికి క్లుప్తంగా

ఇక్కడ వంపు రూపం కంటే మూడు పరిశీలనలు ముఖ్యం. కొన్ని పదాలను మళ్ళీ మళ్ళీ వినిపించి బలపరిస్తే అదే జాబితాలోని మిగిలిన పదాల గుర్తింపు దెబ్బతినాలని పరీక్ష పదాన్ని అన్ని ముద్రలతో ఒకేసారి పోల్చే పాత సర్వసాదృశ్య నమూనాలు చెప్పాయి. 1990లో రాట్‌క్లిఫ్, క్లార్క్, షిఫ్రిన్ అలా జరగడం లేదని చూపారు. 1997లో షిఫ్రిన్, స్టైవర్స్ ప్రతిపాదించిన రెమ్ నమూనా ఈ చిక్కును ఇలా విప్పింది: ముద్ర బలపడేకొద్దీ అది ఇతర పదాలతో తక్కువగా పోలుతుంది.

రెండవది అద్దం ప్రభావం: అరుదైన పదాలకు హిట్లు ఎక్కువ, తప్పు గుర్తింపులు తక్కువ. మూడవది జాబితా పొడవు ప్రభావం: జాబితా పెరిగేకొద్దీ గుర్తింపు తగ్గడం. 2001లో డెనిస్, హంఫ్రీస్ గందరగోళం ఇతర పదాల నుంచి కాదు, అదే పదం గతంలో కనిపించిన సందర్భాల నుంచి వస్తుందన్నారు. దీన్ని పరీక్షించేవారు పొడవైన జాబితాకూ పొట్టి జాబితాకూ నేర్చుకున్నప్పటి నుంచి పరీక్ష దాకా గడిచే సమయాన్ని సమం చేయాలి. లేకపోతే పొడవు ప్రభావమని మీరు చూపేది కేవలం అలసట, ఆలస్యం కావచ్చు.

11. తరచుగా వచ్చే తప్పులు, సవరణలు

*అందరి జెడ్ గీతా మెట్లు మెట్లుగా విరిగి ఉంది.* చాలామంది 1, 6 మాత్రమే నొక్కి ఉంటారు. మధ్య మెట్లు వాడనివారిని ఆరు మెట్ల విశ్లేషణలో ఉంచి లాభం లేదు. మెట్లను నాలుగుగా కలపండి, కలిపిన సంగతి రాయండి. వచ్చేసారి అభ్యాసం పెంచండి.

*తప్పు గుర్తింపులు ఒక్కటీ లేవు.* జాబితా మరీ తేలిక. సమయం తగ్గించండి లేదా జాబితాను పెంచండి. ఉన్న సమాచారంతో పోలికకు దిగకండి.

*“గుర్తుంది, తెలుసు” అని విడిగా అడిగిన సమాధానాలను నేరుగా రెండు ప్రక్రియల కొలతగా రాశారు.* 1985లో ఎండెల్ టల్వింగ్ ప్రవేశపెట్టిన ఈ పద్ధతి ఉపయోగకరమే, కానీ ఆ రెండు మాటలూ ఒకే బలం మీద రెండు హద్దులు కూడా కావచ్చు. పైగా మన మాటల్లో “తెలుసు” అంటే ఖాయమనే ధ్వని ఉంది; “ఎక్కడో విన్నట్లుంది, సందర్భం గుర్తులేదు” అని విడమరిచి అడగండి.

*కొందరికి ఒక నమూనా, మరికొందరికి మరొకటి గెలిచింది.* ఇది తప్పు కానవసరం లేదు. అందరి లాగ్ సంభావ్యతలను కూడి మొత్తం తేడా ఇవ్వండి, ఎంతమందికి ఏది గెలిచిందో కూడా ఇవ్వండి. ఒక్కరి పెద్ద తేడాయే మొత్తాన్ని లాగుతోందేమో ఆ వ్యక్తిని తీసివేసి మళ్ళీ చూడండి.

12. ఫలితం రాసేటప్పుడు

నివేదికలో ఇవి తప్పక కనబడాలి:

- పదాలను ఏ భాషలో, ఏ రూపంలో, ఎవరి చేత అంచనా వేయించి ఎంచుకున్నారు
- ఒక్కొక్కరికి ఎన్ని పాతవి, ఎన్ని కొత్తవి. ఎవరిని ఎందుకు తొలగించారు
- ప్రతి నమూనాకు పరామితుల సంఖ్య, స్వేచ్ఛా పరిమాణాలు, ప్రారంభ విలువల సంఖ్య
- వ్యక్తివారీ ఏఐసీ, బీఐసీ పట్టిక, అనుబంధంలోనైనా
- తొమ్మిదవ భాగంలోని అనుకరణ పరీక్షలో సరైన తల్లి గెలిచిన శాతం, రెండు దిశల్లోనూ

వాక్యం ఎంత బలంగా రాయాలో చివరి అంశాన్ని బట్టి నిర్ణయించుకోండి. అది 60 శాతం అయితే “ఈ సమాచారం రెండు నమూనాల మధ్య తేల్చలేదు, సమ విస్తృతిని మాత్రం తోసిపుచ్చుతుంది” అని రాయండి. అలా రాసినందుకు ఎవరికైనా మార్కులు తగ్గిస్తే, ఆ పరీక్షకుడికి మూడవ భాగంలోని పట్టిక చూపించండి.